అక్కను అటు తిప్పి పడుకోబెట్టాను

మాది ఆళ్లగడ్డ. పక్షవాతంతో మా అత్త మూడేళ్లు మంచంలోనే ఉంది. వీపు పుండ్లు పడకుండా పగలూ రాత్రీ ఆమెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుతూ ఉండాలి. ఇంట్లో ఆ పని నాదే.

ఒక వేసవిలో నా ముఖం చూసి పక్కింటి మస్తాన్‌బీ కసిరింది. "ఏందీ అవతారం? నంద్యాలలో మీ అక్క ఉంది గదా. రెండ్రోజులు ఆడ నిద్రపోయి రాపో. ముసలామెను నేను చూసుకుంటా."

వెళ్లాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క కూలర్ వేసి నా పక్కనే పడుకుంది. పడుకోగానే నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

"ఏందమ్మా, ఏం చేస్తాండావ్?" అన్న బావ కేకకు మెలకువ వచ్చింది. చూస్తే నేను మోకాళ్ల మీద ఉన్నాను. నా ఒక చెయ్యి అక్క భుజం కింద, ఇంకోటి నడుము కింద ఉంది. "కొంచెం ఓర్చుకో అత్తా, ఈ పక్కకు తిప్పుతాండా" అంటున్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్క నవ్వుతుందనుకున్నాను. ఆమె మాత్రం నేను తిప్పిన వైపుకే ఒత్తిగిలి, గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చింది.

అత్త పోయి ఏడాదైంది. తిప్పాల్సిన మనిషి లేదని నా చేతులకు ఇంకా తెలీదు.