ఉగ్గుగిన్నె ఎవరి చేతిలో ఉండింది

మా చుట్టాల్లో ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. మా పాప నెలల బిడ్డగా ఉన్నప్పుడు మా అత్తగారు పాలన్నీ ఒక్కసారే గొంతులో కుమ్మరించిందని, అందుకే పిల్లకు అన్నీ ఆలస్యమయ్యాయని. ఆ కథలో నేను పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చిన మంచి తండ్రిని. ఆటో పిలిచిన మాట నిజం. మిగతాదంతా తప్పు.

పుట్టిన మరుసటి రోజే పాపకు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో అదుపులోకి వచ్చాయి గానీ, ఇంటికొచ్చాక కూడా పిల్ల మందు మత్తులో సగం నిద్రపోతూనే ఉండేది. రొమ్ము పట్టి రెండు గుక్కలు లాగేసరికే అలిసిపోయేది. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒకదానితో ఒకటి కుదరాలని, పిల్లకు అది ఇంకా కుదరడం లేదని డాక్టరమ్మ చెప్పింది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమంది. తల ఎత్తి పట్టుకోవాలి, పెదవి దగ్గర కొంచెం వంచాలి, మింగేదాకా ఆగాలి, దగ్గితే ఆపేయాలి. చిన్న గిన్నెడు పాలు పట్టడానికి నా భార్యకు అరగంట పట్టేది.

నాకు ఆదోనిలో బట్టల దుకాణం. మనిషి గడప దాటి లోపలికొచ్చేలోపే చీర విప్పి పరిచే రకాన్ని. గిన్నెడు పాలకు అరగంటేమిటని లోలోపల చిరాకుగా ఉండేది.

కూతురికి సాయంగా ఎమ్మిగనూరు నుంచి అత్తగారు వచ్చి మా ఇంట్లోనే ఉంది. మంచి మనిషి. కానీ ఆమె వడ్డనకు దిగితే చుట్టాలు ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెడతారు. వేళ్ల సందుల్లోంచి కూడా వేయగలదు.

ఒక మధ్యాహ్నం భార్య స్నానానికి పోతే, పాలు నేను పడతాలే అని గిన్నె తీసుకున్నాను.

"మెల్లగప్పా, మింగనీ," అంది అత్తగారు.

"మింగుతాండాది కదత్తా."

"యాడ మింగింది? బుగ్గలోనే పెట్టుకోనుంది సూడు."

"ఊరందరికీ కుక్కి కుక్కి పెట్టేది మీరు. మెల్లగ అని నాకు చెప్తాండారా?" అని గిన్నె ఇంకొంచెం వంచాను.

పిల్ల దగ్గింది. పాలు ముక్కులోంచి వచ్చాయి. మొహం నల్లబడింది. అత్తగారు నా చేతిలోంచి గిన్నె గుంజుకుని, పిల్లను పక్కకు తిప్పి వీపు తట్టింది. కేకలకు నా భార్య తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు పోసినారు ఇట్ల?"

నేను అబద్ధమాడలేదు. అత్తగారి చేతిలోని గిన్నెకేసి చూశాను, అంతే.

"నేను కాదే, నీ మొగుడే!" అని ఆమె అరిచింది. ఎంత అరిచినా ఎవరు నమ్ముతారు? ఆమె వడ్డన ఎరగని చుట్టం లేడు.

ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచుకుని, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని పంపేశారు. నేను ఒంటరిగా పోయి డాక్టరమ్మను అడిగాను, దీనివల్ల పిల్లకు ముందు ముందు ఏమన్నా అవుతుందా అని. "ఒక్క దగ్గుతో ఏమీ కాదు," అంది. "కానీ పుట్టగానే ఫిట్స్ వచ్చి, పాలు తాగడానికి ఇంత కష్టపడే పిల్లల్లో కొందరు అన్నీ లేటుగా నేర్చుకుంటారు. అది పుట్టేటప్పుడు మెదడుకు తగిలి, ఆ ఫిట్స్‌కు కారణమైన దెబ్బ వల్ల. ఇప్పుడే చెప్పలేం, చూపిస్తూ ఉండండి."

ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే గిన్నె సంగతి మళ్లీ తవ్వుతారని భయం. దాంతో అంతా అత్తగారి లెక్కలో పడింది. మెడ నిలవలేదా, అత్తగారు. కూర్చోలేదా, అత్తగారు. రెండేళ్లు దాటాక పిల్ల నడిస్తే మాత్రం, పొద్దునా సాయంత్రం వ్యాయామాలు చేయించిన నా గొప్ప. అదీ తీసుకున్నాను. అత్తగారిని మాత్రం మనవరాలి నోటి దగ్గరికి ఎవరూ రానివ్వలేదు.

పాపకు ఇప్పుడు ఆరేళ్లు. బడికి పోతుంది, చిన్న చిన్న మాటలు చెబుతుంది. ఇప్పటికీ అన్నం మెత్తగా పిసికి పెట్టాలి, ఒక్కో ముద్దకు చాలాసేపు పడుతుంది. ఈమధ్య ఎమ్మిగనూరులో బామ్మర్ది కొత్తిల్లు చేరితే అందరం పోయాం. భోజనాల దగ్గర అత్తగారు పాప పళ్లెం అందుకోబోయింది.

"వద్దులేక్కా, సిన్నప్పుడు తాపింది సాలు!" అంది ఆమె చెల్లెలు, మా చిన్నత్త. వరుసంతా నవ్వింది. అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ పొద్దు పాలు పోసింది నేను, అత్త కాదు," అన్నాను.

చిన్నత్త కళ్లు తుడుచుకుంది. "సూడండప్పా, అల్లుడంటే ఇట్లుండల్ల! అత్త మీద మాట పడనీకుండా తన నెత్తినేసుకుంటాండాడు." ఎవరో నా ఆకులో ఇంకో ఓళిగ వేశారు.

అత్తగారు మండిపోయింది. "ఆరేండ్లు నేను నిజం చెప్తే దొంగనంటిరి. ఈయప్ప నిజం చెప్తే దేవుడంటాండారే!"

నేను ఒట్టు వేసినకొద్దీ నా పేరు పెరిగింది. రాతలో పెడితేనన్నా నమ్ముతారేమోనని ఇది రాస్తున్నాను.

నా భార్య మాత్రం మెచ్చుకోలేదు. "మరి గిన్నె అమ్మ చేతిలో ఎందుకుండింది?" అని అడిగింది.

"నా చేతిలోంచి గుంజుకునింది."

ఆమె పాప పళ్లెం తీసుకుపోయి వాళ్లమ్మ ఒళ్లో పెట్టింది.

అత్తగారు చిన్న ముద్ద చేసింది. పాప దాన్ని నోట్లో పెట్టుకుని తీరిగ్గా నములుతోంది.

"నువ్వు బయటికి పో అల్లుడా," అంది అత్తగారు. "నువ్వు ఎదురుగుంటే, పిల్ల దగ్గితే మళ్ల నా మీదికే వస్తాది."

పాప ముద్ద మింగి, నావైపు తిరిగి, "నాయనా, పో," అంది.

పోయి బయట చెప్పుల పక్కన కూర్చున్నాను.