మంచుబండి హెల్మెట్టు

ఇతరుల నోటి తడి అంటే నాకు పడదు. ఈ రోగం నాకు గ్రంథాలయంలో పట్టుకుంది.

నేను సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసేవాణ్ణి. ఏడో తరగతిలో ఆగిపోయిన చదువును ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో పూర్తి చేసుకున్నాను. పూర్తయిందని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, నాకు నేనే ఇచ్చుకున్నాను. షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన నూలు దుమ్ము దులుపుకొని, చేతులు సబ్బుతో కడుక్కొని వెళ్ళి బల్ల ముందు కూర్చునేవాణ్ణి. పక్కనున్న పెద్దమనిషి బొటనవేలు నాలుకకు రాసుకొని పేజీ తిప్పేవాడు. తడి ఆరిన చోట గోధుమరంగు మరక మిగిలేది. ఆ తర్వాత అదే పుస్తకం నా చేతికి వచ్చేది. తెలంగాణ కొట్లాట ముదిరాక మరీ ఘోరం. పేపర్లో ఏమొచ్చిందో చూడాలని బజారంతా వచ్చేది. సాయంత్రానికి ఒక్కో పేపరు మీద పాతికమంది ఎంగిలి ఉండేది. నేను పెన్సిలు కొసతో పేజీలు తిప్పడం అలవాటు చేసుకున్నాను.

"నువ్వు సదువుతున్నవా, శవాన్ని కోస్తున్నవా?" అని లైబ్రేరియన్ సారు అడిగేవారు.

ఇట్లాంటి నా నెత్తి మీద మా బావ ఒక హెల్మెట్టు పెట్టాడు.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళది కోరుట్ల. నాలుగేళ్ళు గల్ఫులో ఉండి ఆ చలికాలమే ఇంటికి వచ్చాడు. అక్కడ ఎడారి మధ్యలో పెద్ద షెడ్డు కట్టి, లోపల యంత్రాలతో మంచు కురిపిస్తారట. జనం టికెట్టు కొనుక్కొని వచ్చి ఆ చలిలో వణికి సంతోషపడతారట. వాళ్ళు పెట్టుకొని వదిలేసిన హెల్మెట్లను లోపలా బయటా తుడిచి మళ్ళీ వరసలో పెట్టడం బావ ఉద్యోగం.

"ఒక్కొక్క దేశపోని నెత్తి ఒక్కొక్క వాసన, బామ్మర్ది," అని అన్నం కలుపుతూ మొదలుపెట్టాడు. "ఒగనిది అత్తరు, ఒగనిది ఎల్లిపాయ. ఆడోళ్ళదైతే లిపిస్టిక్కు. చిన్న పోరలు ఐస్‌క్రీం తిని అండ్లనే కక్కుతరు. ఏలు పెట్టి తియ్యాలె, తప్పదు."

నేను కంచం పక్కకు జరిపాను.

"ఇగ ఆపుండ్రి! తమ్మునికి ముద్ద దిగుతలేదు," అంది అక్క.

"దిగకుంటే మానె. నెత్తి ఇటు వంచు," అని ఎడమచేత్తో ఆ హెల్మెట్టు తీసి నా తలకు తొడిగేశాడు.

నల్లటిది, గడ్డం దాకా కప్పేది. ముందున్న అద్దం రెండు పొరలు. పొరల మధ్య వెంట్రుకల్లాంటి తీగలు. చెవి పక్కనుంచి ఒక వైరు వేలాడుతుంది. దాన్ని మంచు మీద నడిచే బండికి గుచ్చితే అద్దం వెచ్చబడుతుంది. లేకపోతే నడిపేవాడి ఊపిరి అద్దానికంటి అక్కడికక్కడే గడ్డకట్టి, ముందేముందో కనబడదట. ఊపిరిని కిందికి మళ్ళించడానికి ముక్కు మీద రబ్బరు తొడుగు కూడా ఉంది. అది నా ముక్కుకు తగలగానే లోపలి వాసనలన్నీ ఒక్కసారిగా ఎక్కాయి. తడి ఆరని చెప్పు వాసన, ఎవరిదో పాత తలనూనె వాసన, వాటి కింద పులిసిన పాల వాసన. నా ముందు ఆ రబ్బరులోకి ఎంతమంది ఊపిరి వదిలారో! పీకి పారేసి, పెరట్లోకి పోయి ముఖం మూడుసార్లు కడుక్కున్నాను.

"మా తమ్ముడు బామనోళ్ళ ఇంట్ల పుట్టవలసినోడు, దారి తప్పి మా ఇంటికచ్చిండు," అని అక్క నవ్వింది.

బావ నవ్వలేదు. ఆయనకు నాతో పని ఉంది. అదే కంపెనీ ఇంకో ఊళ్ళో మంచు షెడ్డు కడుతోంది. అక్కడికి మంచుబండి నడిపే డ్రైవర్లు కావాలి. కంపెనీ మనిషి జగిత్యాలలో ఒక ఏజెంటు ఆఫీసుకు వచ్చి మనుషులను ఎంచుకుంటాడు. పొద్దున షెడ్డు తెరవకముందు మంచు చదును చేసే బండిని బావ రెండేళ్ళు నడిపాడు. కానీ కాగితాల్లో ఆయన క్లీనరే. వచ్చేటప్పుడు సూపర్వైజరు ఇనాముగా ఇచ్చిన ఈ పాత హెల్మెట్టు, దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, ఇవే ఆయన దగ్గరున్న రుజువులు.

"ఇంకో నాలుగేండ్లు మంది చీమిడి తుడుసుడు నాతోని కాదు, బామ్మర్ది. డ్రైవర్‌గ పోతే పోత, లేకుంటే ఈడనే బీడీల కంపెనీల జమ అయిత. గీ పుస్తకంల ఏమున్నదో నువ్వు చెప్పు. ఆడ అడిగితే నేను చెప్పాలె."

నాకు ఛాతీ ఉబ్బింది. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పమని అడిగించుకున్నది అదే మొదటిసారి. దాన్ని సిరిసిల్లకు తెచ్చి, గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు ముందు పెట్టుకొని నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఒక్కో మాటకూ తెలుగు వెతికి నోటుబుక్కులో రాశాను. తీగలు వేడెక్కడానికి ఎంత కరెంటు కావాలి, వైరు ఎప్పుడు గుచ్చాలి, ఎప్పుడు తీయాలి, అద్దం పైకెత్తితే ఏమవుతుంది, అన్నీ. పన్నెండు పేజీల్లో పదకొండు పూర్తిచేశాను. చివరి ఆకు వెనక వైపు అట్టకు అంటుకొని ఉంది. ఏదో తీపి పానీయం ఒలికినట్టుంది, నారింజరంగు జిగురు. దాన్ని గోటితో గీకాలన్నా నాకు ఒళ్ళు జలదరించింది. మొదటి పేజీలో విషయసూచిక చూశాను. చివరిది శుభ్రపరచడం గురించి.

కోరుట్లకు వెళ్ళి పాఠం చెప్పినప్పుడు ఆ సంగతి బావతో అన్నాను. "కడుగుడు గురించి సదువుడేంది బావా? జిడ్డు పట్టిన సాంచెనే ఇప్పి కడిగెటోన్ని, నాకు తెల్వదా?"

"గట్లనకు. పనంతా అండ్లనే ఉంటది."

"మరి ఇంటర్వ్యూల అడుగుతరా?"

"అడుగరు. అడిగినా అది నాకెరుకే," అన్నాడు. మిగిలిన పదకొండు పేజీలూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

ఇంటర్వ్యూ నాడు బంద్. బస్సుల్లేవు. ముందురోజే కోరుట్ల చేరిన నేను పొద్దున ఆరున్నరకు బావ బండి వెనక కూర్చున్నాను. నాకు మంకీ క్యాపు, ఆయనకు మంచుబండి హెల్మెట్టు. వైరును మోటారు సైకిలు బ్యాటరీకి కలిపాడు. పుస్తకంలోని లెక్క ప్రకారం సరిపోతుందని చెప్పింది నేనే. పొగమంచు పొలాల మీదినుంచి రోడ్డు మీదికి దొర్లుతోంది. నాకు ఎదురుగా బావ వీపు తప్ప ఏమీ కనబడలేదు. బావకు మాత్రం అంతా కనబడుతోంది. "గ్లాసు కడిగిన తీరుగున్నది!" అని అరిచాడు. కానీ పది మైళ్ళు పోయేసరికి బ్యాటరీలో ఉన్నదంతా అద్దమే తాగేసింది. హారన్ నొక్కితే పిల్లి మూలిగినట్టు ఓ చప్పుడు వచ్చి ఆగిపోయింది.

అప్పుడే పొగమంచులో మంటలు కనిపించాయి. ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగలో ఉప్మా కలుపుతున్నారు. ఆ రోజుల్లో దాన్ని వంటావార్పు అనేవాళ్ళం. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, బండ్లను ఆపేవాళ్ళు.

"ఓ పోలీసాయనా! టోపి తీసి మొఖం సూపియ్యి!"

"పోలీసోన్ని కాదు కాకా, కోరుట్లోన్ని," అన్నాడు బావ. ఆ మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఒకాయన వంగి వైరు పట్టుకొని చూశాడు. "కోరుట్లోని నెత్తికి కరెంటా? మా పొలాలకే లేకపాయె!"

పొయ్యిల దగ్గరున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. బావ హెల్మెట్టు తీసి, గల్ఫు, మంచు, ఇంటర్వ్యూ అన్నీ చెప్పాడు. వైరు పట్టుకున్నాయన బుగ్గన జర్దా పాన్ ముద్ద ఉబ్బెత్తుగా ఉంది. "ఏదీ, ఒక్కపారి పెట్టుకోనియ్యి," అన్నాడు. కాదంటే దారి దొరకదు. పెట్టుకున్నాడు. లోపలినుంచే గొంతు చించుకొని మూడుసార్లు "జై తెలంగాణ!" అన్నాడు. అందరూ అందుకున్నారు. నేనూ అన్నాను. మనసారా అన్నాను, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆయన హెల్మెట్టు తీసేటప్పుడు పెదవికీ రబ్బరు తొడుగుకూ మధ్య ఎర్రటి తీగ ఒకటి సాగి, సాగి, తెగింది. అద్దం లోపలి వైపంతా ఎర్రటి చుక్కలు. ఆయన వాటిని అరచేత్తో ఒక్క పామున పులిమాడు.

"మస్తు ఎచ్చగున్నది పో!" అని తిరిగి ఇచ్చాడు.

వాళ్ళు మాకూ మోదుగాకుల్లో ఉప్మా పెట్టారు, నాది చేతిలోనే ఉండిపోయింది. బావ తనది తిని, నాది కూడా తిన్నాడు. తర్వాత చొక్కా కొసతో అద్దాన్ని అద్దాడు. రుద్దలేదు, అద్దాడు. అద్ది, దాన్నే మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ వీపును పట్టుకొని కూర్చోవడానికి కూడా నాకు మనసొప్పలేదు. జగిత్యాల దాకా సీటు వెనక కడ్డీనే పట్టుకున్నాను.

ఏజెంటు ఆఫీసు ఒక మేడ మీద ఉంది. మెట్ల నిండా మనుషులు. బావ తన పేరు రాయించుకొని వచ్చి, హెల్మెట్టు నా చేతిలో పెట్టాడు. "జర పట్టుకో. ఇన్ని సబ్బునీళ్ళు దొరుకుతయేమో సూసి అస్త. దీన్ని గిట్ల తీస్కపోవద్దు."

బంద్ కదా, హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. బావ ఎంతకూ రాలేదు. ఆ ఎరుపు నా చేతుల్లో ఎండిపోతోంది. జర్దా వాసన, ఉప్మా వాసన, రబ్బరు వాసన కలిసి పైకి వస్తున్నాయి. నా జేబులో ఎప్పుడూ ఇంత వేస్టు ఉంటుంది. వేస్టు అంటే సాంచె దగ్గర తెగి పడిన నూలు పోగుల ఉండ. సాంచాల మీద మేం ఏ జిడ్డునైనా దాన్ని గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో, ముంచే తుడుస్తాం. గ్యాసునూనె లేదు గానీ కింద బండి ఉంది. పెట్రోలు పైపు లాగి, వేస్టు తడిపి, అద్దాన్ని లోపలా బయటా గట్టిగా రుద్దాను. రబ్బరు తొడుగును అయితే రెండుసార్లు. ఒక్క నిమిషంలో ఎరుపు మాయమైంది. వాసన కూడా పోయింది, పెట్రోలు వాసన తప్ప. ఆ పొద్దున నాకు హాయిగా ఉన్నది ఆ నిమిషం ఒక్కటే.

బావ సబ్బునీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆయన పేరు పిలిచారు.

"అయిపోయింది బావా, నేనే తుడిచిన."

"దేనితోని?"

పైనుంచి రెండోసారి పిలిచారు. బావ చెంబు కింద పెట్టి, హెల్మెట్టు లాక్కొని మెట్లెక్కాడు. వెనకే నేనూ ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాను.

కంపెనీ మనిషి హిందీలో అడుగుతుంటే బావ పదకొండు పేజీలూ చెప్పాడు. ఆయనతోపాటు నా పెదవులు కూడా కదులుతున్నాయి. ఒక్కటీ తప్పు పోలేదు. కంపెనీ మనిషి ముఖంలో నవ్వు కూడా వచ్చింది. కాగితం మీద ఏదో రాయబోతూ, బల్ల మీదున్న హెల్మెట్టును తీసి కిటికీ వెలుగుకు పట్టాడు.

కాగిన పాల మీద మీగడ ముడుతలు పడ్డట్టు అద్దమంతా తెల్లబారి, సన్నటి పగుళ్ళు తేలింది. ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇసే కిస్నే సాఫ్ కియా?" ఎవరు తుడిచారని.

బావ తలుపు వైపు చూడలేదు. "మైనే, సాబ్." తానేనని.

"పెట్రోల్ సే?"

"హా, సాబ్."

ఆ మనిషి హెల్మెట్టును బల్ల మీద పెట్టలేదు, నేల మీద పెట్టాడు. రుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. నాలుగేళ్ళు చేసింది ఈ పనేనా అని హిందీలోనే అడిగి, జవాబు కోసం ఆగకుండా తర్వాతి పేరు పిలిచాడు. పెదవి ఒక పక్కకు లాగుకుపోయిన ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఎంగిలి పేజీలు చూసేటప్పుడు నా ముఖం అదే.

తిరుగుదారిలో బావ అద్దం పైకెత్తే నడిపాడు, అందులోంచి ఇక ఏమీ కనబడదు కనుక. ఎదురుగాలికి ఆయన కళ్ళు కారుతున్నాయి. సగం దారిలో అడిగాను. "నేను తుడిచిన్నని ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే? నీ సామాను పరాయోని చేతికెందుకిచ్చినవని అడుగుతడు. గది ఇంకింత సిగ్గు."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఏడాదికి ఆయన గల్ఫు పోయాడు. క్లీనరుగానే, ఇంకో కంపెనీకి.

ఇంటర్వ్యూ నాటి మధ్యాహ్నం కోరుట్లలో అక్క అన్నం వడ్డిస్తుంటే నేను ఆ పుస్తకం తీసి అట్టకు అంటిన చివరి ఆకును విడదీయడానికి కూర్చున్నాను. గోటికి రాలేదు. పెన్సిలు కొసకు రాలేదు. బావ నా వైపు చూడకుండానే, "సబ్బునీళ్ళు. మెత్తటి గుడ్డ. రుద్దద్దు. పెట్రోలు, గ్యాసునూనె, స్పిరిటు తాకియ్యద్దు. గదే ఉంటది అండ్ల," అన్నాడు.

నేను వినిపించుకోలేదు. అది నా కళ్ళతో చదవాలి. మళ్ళీ ప్రయత్నించాను. నాలుక మీద పెట్రోలు రుచి చుర్రుమన్నాక గానీ తెలియలేదు, వేలు నోట్లో తడుపుకున్నానని.

అక్క వడ్డించడం ఆపి నా వైపే చూస్తోంది.

"గదేంది తమ్మీ," అంది, "పుస్తకాన్ని ఎంగిలి చేస్తున్నవ్?"