రెండు చేతులు, రెండు సీసాలు

తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి కారులో తీసుకొచ్చేసరికి నాయనకు నన్ను గుర్తుపట్టే తెలివి కూడా లేదు. ఒళ్లు కాలిపోతోంది, వణుకు ఆగడం లేదు. వారం కిందట మడిలో కాలికి పార తగిలితే పసుపు అద్ది ఊరుకున్నాడట. ఆయనకు డాక్టరంటే గిట్టదు. కూతురు నంద్యాల ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్లుగా రక్తం తీస్తున్నా సరే, నా మాట చెవిన పెట్టడు.

పుండులోని సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కి ఉంటాయని డాక్టరు అన్నారు. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేసింది. "ఐదు నిమిషాలాగు. ముందు కల్చర్‌కు రక్తం తీయనీ" అన్నాను. మందు పడ్డాక తీస్తే సీసాలో సూక్ష్మజీవులేవీ పెరగకపోవచ్చు. అప్పుడు అవి ఏ మందుకు లొంగుతాయో తెలియదు.

"మనిషి పోతాంటే నువ్వు సీసాలు నింపుతాండావా అక్కా?" తమ్ముడు మండిపడ్డాడు.

"నోర్మూసుకోని చెయ్యి పట్టుకో" అన్నాను.

మోచేతి మడతలో స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తుంటే, మంట పుడుతుందేమోనని అమ్మ వంగి ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. చిన్నప్పుడు మా దెబ్బలన్నిటికీ ఆమె చేసిన వైద్యం అదే. "ఊదొద్దమ్మా! నీ నోట్లోవన్నీ సీసాలో పడతాయి" అని కసిరాను. అమ్మ మొహం చిన్నబోయింది. బుజ్జగించే తీరిక నాకు లేదు. మళ్లీ తుడిచి, ఆరనిచ్చి తీశాను. రెండో చేతి నుంచీ అలాగే తీశాను. వెంటనే ఇంజెక్షన్ పడింది.

మరునాడు రెండు చేతుల సీసాలూ పాజిటివ్ అని, అంటే లోపల ఏవో పెరుగుతున్నాయని మిషన్ చూపించింది. చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూశాను. గుండ్రటి సూక్ష్మజీవులు, గుత్తులు గుత్తులుగా. చిక్కేమిటంటే అలాంటివి అందరి చర్మం మీదా ఉంటాయి, సూది వెంట సీసాలోకి రావచ్చు. పేరు తేలాలంటే ఇంకో రోజు పడుతుంది. ఇక్కడ నాయన బీపీ పడిపోతోంది. మందు మారుద్దామంటే కొత్తది కిడ్నీలకు భారం.

"చర్మం మీదవి కావని నమ్మకమేనా?" డాక్టరు అడిగారు.

"నేనే తుడిచినా, నేనే తీసినా. రెండు చేతుల్లోనూ అవే ఉండాయి. మార్చండి సార్."

మార్చారు.

తర్వాతి రోజు రిపోర్టు వచ్చింది. మొదటి మందుకు లొంగని రకం. "దీనికోసం ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు" అన్నారు డాక్టరు. అంత ధీమాగా చెప్పినదాన్ని, ల్యాబు తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

నాలుగో రోజు వార్డులోకి వెళ్తే నాయన ఇడ్లీ ప్లేటు పక్కకు తోసి అమ్మ మీద ఎగురుతున్నాడు. "ఏందే ఇది? ఉప్పు ల్యా, కారం ల్యా. మనుషులు తినేదేనా?"

ఆయన తిట్లు అంత కమ్మగా నాకెప్పుడూ వినిపించలేదు.