బారువ బోర్డు కాడ తిరగనేదు

అయ్యలారా, అమ్మలారా, అందరికీ ఇందుమూలంగా తెలియపరిసేదేటంటే, నా కారు ముందు సీటుని మళ్లీ ముందుకి జరిపేసినాను. కాళ్లు బారుగా సాపుకునే మనిషి ఇంక ఎక్కడు. మా అక్క మొగుడు, నా బావ, మొన్న లచ్చివారం మధ్యాన్నం అన్నం తిని కునుకు తీసినాడు. మరి లెగనేదు.

సాలూరు లారీ డ్రైవరు. బతుకంతా హైవే మీదే. కళింగపట్నం, భావనపాడు, బారువ అని బోర్డులు సూసుకుంటా పోయేవోడు. "అన్నీ సదివేనురా, ఒక్కదాని కాడా తిరగనేదు. లోడుంటే స్టీరింగు మనది కాదు," అనేవోడు. లారీ మానేసినాక ఒకటే కోరిక, ఆ బోర్డుల ఊళ్లన్నీ సూడాలని. కిందటి సీతాకాలం ఓ ఆదివారం పొద్దున్నే నా పాత కారెక్కించినాను.

పక్క సీట్లో కూకుని కూడా కుడికాలితో బ్రేకు తొక్కుతానే ఉన్నాడు.

"బావా, అక్కడ బ్రేకు నేదు. కారుకి కన్నం పడిపోతాది."

"నీ కాలు మీద నాకు నమ్మకం నేదొరే."

ఎదురొచ్చిన ప్రతి లారీకీ సెయ్యూపినాడు. ఒక్కడూ తిరిగి ఊపనేదు. "గుర్తు పట్టినాడు, సిగ్గుపడతన్నాడు," అన్నాడు.

కళింగపట్నం ఇసకలో సముద్రానికి ఈపు పెట్టి కూకున్నాడు. ఇదేటి బావా అంటే, "సముద్రం ఎక్కడికీ పోదురా. నువ్వెట్టిన బండి సూస్తన్నాను, వంకరగా ఉన్నాది."

నౌపడలో ఉప్పు మడుల కాడ ఆగినాం. మా వైపు ఉప్పు సేతికి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ తగువొస్తాదని. కింద పెడితేనే తీసుకుంటారు. అది తెలిసే, బావ కళ్లు మూసుకుని ఎండ కాసుకుంటంటే, అరసేతిలో గుప్పెడు కల్లుప్పు పోసేసినాను.

"ఒరే సచ్చినోడా! నా పెళ్లైన కాడినుంచి మనకి తగువు నేదు. ఇప్పుడు నానొకటంటాను, నువ్వొకటంటావు, మజ్జిన మీ అక్క నలిగిపోతాది. ఇంక నాను మాటాడను, పో!"

నోరు మూసేసినాడు. ఉప్పు పారేస్తే పాపమని రుమాల్లో మూటకట్టి, కారులో అద్దం ముందర పెట్టినాడు. భావనపాడులో ఎండుసేపల బేరం కూడా సైగలతోనే. సేపలమ్మే ఆవిడ "అయ్యో, మాట రాదా బాబూ?" అని ఓ గుప్పెడు ఎక్కువేసింది. బావ నాకేసి గెలిసినట్టు సూసినాడు.

ఆకర్న బారువ బోర్డొచ్చింది. పొద్దు వాలిపోతన్నాది. ఇండికేటరేసినాను. బావ నా సెయ్యి మీద సెయ్యేసినాడు.

"వొద్దురా. ఇంటికి తిప్పు."

"ఇదొక్కటే మిగిలింది బావా."

"అందుకే. అన్నీ సూసేస్తే, మళ్లీ నన్నెందుకు ఎక్కించుకుంటావు?"

ఇండికేటరాపేసి బండి తిప్పినాను.

ఇంక నిజం సెప్పేస్తాను. లారీలోళ్లు ఒకరిద్దరు సెయ్యూపినారు. బావ నోరు ముయ్యనూ నేదు, సేపలావిడ ఎక్కువెయ్యనూ నేదు. నౌపడ నుంచి భావనపాడు దాకా నన్ను తిడతానే వొచ్చినాడు. ముందు సెప్పినవన్నీ నాను కల్పించినవే. బారువ బోర్డు కాడ మాట మాత్రం అచ్చంగా ఆయనదే.

సీటు ముందుకి జరిపినానన్నది కూడా అబద్ధమే. ఎనక్కే ఉన్నాది. అద్దం ముందర ఆ రుమాలు మూట సముద్రపు గాలికి తడుస్తాది, ఎండొస్తే మళ్లీ ఆరతాది.