దివిసీమలో కుట్టిన బెల్టు

ఉదయం ఐదూ నలభైకి, వరద డ్యూటీకి వచ్చిన మా సైనిక లారీలు అవనిగడ్డ దాటి కరకట్ట ఎక్కాయి. వాన ఆగి గంటయింది. కట్టకు ఎడమపక్క ఊళ్ళు, కుడిపక్క కృష్ణ. అరటితోటలు ఉండవలసిన చోట ఆకుల కొసలు మాత్రం నీళ్ళపైన కనిపిస్తున్నాయి. మూడు లారీలు, నాలుగు రబ్బరు బోట్లు, ముప్పై ఎనిమిది మంది మనుషులు. మకాం కట్ట పక్కనున్న హైస్కూలు. ఆరున్నరకు రేడియో ఏరియల్ స్కూలు డాబా మీద నిలబెట్టాం. ఏడింటికి మొదటి బోటు నీళ్ళలో దిగింది.

నేను అప్పుడు హవల్దారును. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. ఇరవై రెండేళ్ళలో మంచులో, ఇసుకలో, అడవిలో పనిచేశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే చివర. వచ్చేటప్పుడు గుడివాడ మీదుగా వచ్చాం. ఒకప్పుడు మా ఇల్లున్న స్థలంలో టైల్స్ షోరూమ్ ఉంది. లారీలో ఎవరికీ చెప్పలేదు. మా తాతగారి గేటు దగ్గర రెండు వేటకుక్కలు ఉండేవట. వాటికి తోలు పట్టీలు కుట్టే మనిషి ఇంటికే వచ్చి కొలతలు తీసుకునేవాడట. నేను విన్నదే కాని చూసింది కాదు. నేను పుట్టేసరికి కుక్కలూ లేవు, భూమీ లేదు. పేరు మిగిలింది. ఆ పేరు ఉన్నవాడు వీపు వంచకూడదని మా నాన్నగారు నేర్పారు. నిటారుగా నిలబడటం సైన్యం నాకు వేరే నేర్పవలసిన పని లేకపోయింది.

రెండో రోజు పదకొండు గంటలకు కుక్క దొరికింది. ఒక లంకలో మోటారు షెడ్డు రేకుల మీద నిలబడి ఉంది. నల్లది, మధ్యరకం. మెడకు ఎర్ర కాలరు, దానికి తెగిన గొలుసు ముక్క. కాలరు కింద మెడ ఒరిసి పుండయింది. బోటులో ముందున్నది నేను. దాన్ని రెండు చేతులతో ఎత్తి దించింది నేను. జేబులో బిస్కెట్లు తీసి పెట్టింది నేను. తిన్నది. తిని, నన్ను దాటుకుని వెనక్కి వెళ్ళి, ఇంజను దగ్గర కూర్చున్న నాయక్ ఒళ్ళో తల పెట్టింది.

నాయక్ అంటే నాకు ఒక మెట్టు కింది ర్యాంకు. అతనిది మచిలీపట్నం పక్కన గిలకలదిండి. సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. మా దళంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే.

"ఒరేయ్ నల్లోడా, ఎన్నాళ్ళయిందిరా తిని?" అన్నాడు.

"దాని పేరు రాజా" అన్నాను.

"మీకెట్టా తెలుసండి?"

"నేను పెట్టాను."

"అట్టాగేనండి" అని నవ్వాడు. "రాజావారూ, కాస్త జరగండి, ఇంజను తిప్పాలి."

యజమాని కోసం పునరావాస కేంద్రాల్లో అడిగాం. కౌలుకు అరటి వేసిన ఒక కుటుంబానిదని తెలిసింది. వాళ్ళు వరదకు ముందే ఊరు విడిచిపోయారు. ఫోను కలవలేదు. కుక్క మా దగ్గరే ఉండిపోయింది.

నేను అన్నంలో పాలపొడి కలిపి పెట్టేవాణ్ణి. నాయక్ తన పళ్ళెంలో మిగిలిన చేపముళ్ళు వేసేవాడు. అది ముందు ముళ్ళు తినేది. నేను "రాజా" అని పిలిస్తే చెవి ఒకటి కదిలించేది. అతను "నల్లోడా" అంటే బురదలో నుంచి పరుగెత్తుకు వచ్చేది. రేడియో ఆపరేటరు మరాఠీవాడు, వేళాకోళం మనిషి. నేను దాన్ని పిలుస్తుండగా డాబా మీద నుంచి చూసేవాడు. వెంటనే సెట్‌లో హిందీలో వినిపించేది: "కంట్రోల్ నుంచి అన్ని బోట్లకు. రాజాగారు మళ్ళీ పార్టీ మారారు. ఓవర్." నలుగురూ నవ్వేవారు. నాకంటే వెనక చేరినవాళ్ళు నా పైమెట్టుకు వెళ్ళినప్పుడు కూడా నాకు మనసులో మంట పుట్టలేదు. ఒక ఊరకుక్క తోక ఎవరిని చూసి ఆడుతుందో చూస్తూ నేను అన్నం మానేసిన పూటలున్నాయి.

నాలుగో రోజు అది నడుస్తున్న బోటులోంచి ఒక కాకి మీదికి దూకింది. ఇంజను రెక్క దాని తోకకు జానెడు దూరంలో ఆగింది. సాయంత్రం కెప్టెన్ ఇద్దరినీ పిలిచారు. బోటులో వదులుగా జంతువు ఉండకూడదు. మెడకు పుండు కాబట్టి ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు కుట్టాలి. ఎల్లుండి ఉదయానికి అది సిద్ధం కావాలి. లేకపోతే కుక్క అవనిగడ్డ పశువుల ఆసుపత్రికి పోతుంది.

"డ్యూటీ అయ్యాక దీన్ని ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగారు.

ఇద్దరం ఒకేసారి "నేను సార్" అన్నాం.

ఆయనకు నవ్వొచ్చింది. "ఎవరి మాట వింటే వాళ్ళది."

బెల్టు నేను కుడతానన్నాను.

ఐదో రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. కొలతలకు కుక్క నా ముందు నిలబడలేదు. పడుకుంది, దొర్లింది, టేపు కొరికింది. చివరికి నాయక్ వచ్చి దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నిలబడింది. వెనకనుంచి నేను కొలిచాను. మెడ మొదట్లో నలభై రెండు సెంటీమీటర్లు. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ అరవై నాలుగు. వీపు మీద ఈ రెంటికీ మధ్య ఇరవై. పట్టీకీ ఒంటికీ నడుమ రెండు వేళ్ళ సందు కలిపి రాసుకున్నాను. కొలిచినంతసేపూ అది ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

డీజిలు కోసం అవనిగడ్డ వెళ్ళినప్పుడు నవారు చుట్ట కొన్నాను. మంచాలకు అల్లే నూలు నవారు. కొత్తది, గంజి వాసన వేస్తోంది. నాయక్ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది కోరా నవారండి, ఇంకా నీళ్ళు చూడలేదు. తడిపి ఆరేసి అప్పుడు కుట్టాలి. లేకపోతే నీళ్ళు తగిలాక బిగుసుకుపోద్ది. పోనీ నా దగ్గర వలతాడుంది, సైకిల్ ట్యూబు తొడిగి ఇస్తాను. ఒరుసుకోదు."

"వలతాడుతో చేపలు పట్టుకో. మా ఇంట్లో పట్టెమంచాలన్నిటికీ ఇదే నవారు."

"మంచం ఈతకొట్టదు గదండీ" అన్నాడు.

పక్కనున్నవాళ్ళకు తెలుగు రాదు. అయినా నవ్వారు, నా ముఖం చూసి.

మా ఇంట్లో మంచాలు అల్లింది మేము కాదు. నవారు తడిపిందీ, ఎండేసిందీ, లాగి బిగించిందీ వేరేవాళ్ళు. మా కళ్ళకు కనిపించింది అల్లి సిద్ధమైన మంచమే. కాని దాన్ని సాకుగా చెప్పను. వాన పడితే టెంటు తాళ్ళు వదులు చేయాలి, తడిసిన తాడు మేకులను పెరికేస్తుంది అని ఎంతమంది రిక్రూట్లకు నేనే నేర్పానో. నాకు తెలుసు. చెప్పింది అతను కాబట్టి తెలియనట్టు ఉన్నాను.

ఇంకొకటి కూడా చేశాను. పాత కిట్‌బ్యాగు నుంచి బకిల్ ఒకటి తీసిపెట్టుకున్నాను, బెల్టుకు వేయలేదు. బకిల్ ఉంటే ఎవరైనా విప్పగలరు. ఆరో రోజు ఉదయం ఆరున్నరకు నవారును కుక్క ఒంటికి చుట్టి, దాని మీదే మైనపు దారంతో రెండు వరసలు కుట్టేశాను. రెండు వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా దూరాయి. డ్యూటీ పట్టిక రాసేది నేనే. ఆ రోజు నాయక్‌ను నాలుగో బోటుకు మార్చాను. కుక్కను నా బోటులో ఎక్కించుకుని, దాని బెల్టుకు వేసిన తాడు కొస నా నడుము బెల్టుకు కట్టుకున్నాను.

ఏడూ పదికి వాన మొదలైంది. తొమ్మిదింటికి ఒక ఇంటి మెట్ల దగ్గర ఆగితే కుక్క నీళ్ళలోకి దూకింది. బెల్టు పట్టుకుని పైకి లాగాను. బరువంతా మోసింది, కుట్టు కదలలేదు. నా చేతి పని చూసుకుని గర్వపడ్డాను. కుక్క ఒళ్ళు విదిలించుకుంది. ఆ తర్వాత వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

కదలలేదు. పది దాటింది, పదకొండు దాటింది. కాకులు వచ్చినా లేవలేదు. మనుషుల్ని ఎక్కించాం, దించాం. అది గడ్డం నా బూటు మీద ఆనించి అలాగే ఉంది. నాలుగు రోజులుగా నేను కోరుకున్నది అదే. పన్నెండుకు సెట్ తీసుకున్నాను. నాలుగో బోటు కూడా అదే ఛానెల్‌లో ఉందని తెలుసు.

"కంట్రోల్, బోటు ఒకటి. ఆరుగురిని దించాం. రాజా నా దగ్గరే కూర్చున్నాడు. ఓవర్."

"అభినందనలు" అన్నాడు ఆపరేటరు.

కాసేపటికి తెలుగులో వినిపించింది. "హవల్దారు గారూ, అదేమన్నా తిన్నదాండీ?"

"లేదు."

"గాలి బాగా పీలుస్తందా?"

"క్రమశిక్షణగా పీలుస్తోంది" అని సెట్ కట్టేశాను.

ఒంటిగంటా యాభైకి స్కూలు మెట్ల దగ్గర బోటు ఆగింది. "రా" అన్నాను. అది లేవడానికి ముందుకాళ్ళు చాపి పక్కకు ఒరిగిపోయింది. నాలుక నీలంగా ఉంది. నాయక్ అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మోకాలి లోతు నీళ్ళలో పరుగెత్తుకు వచ్చాడు. బెల్టు కింద వేలు పెట్టబోయాడు.

"రెండు వేళ్ళేందండి, చాకు మొన దూరట్లేదు. బకిలెక్కడండీ?"

నేను నా నడుము నుంచి తాడు కొస విప్పుకుంటున్నాను.

"బకిలెక్కడండీ?"

"లేదు. కుట్టేశాను."

నా వైపు చూశాడు.  వలలు కోసే చిన్న చాకును వెంట్రుకల వెంబడి పడుకోబెట్టి, ఒక్కొక్క పోగే తెంపుకుంటూ పోయాడు. పాతిక నిమిషాలు పట్టింది. "అయిపోయిందిరా, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. నవారు ఊడి వచ్చినప్పుడు దానితో పాటు చర్మం కూడా వచ్చింది. కుక్క పొడుగ్గా గాలి పీల్చింది. ఆ చప్పుడు వినేదాకా, అది ఉదయం నుంచి అలా పీల్చలేదని నాకు తట్టలేదు.

"ఇది ఎవరు కుట్టారు?" అని కెప్టెన్ అడిగారు.

"నేను సార్."

"ఎవరిదో తేలినట్టేనా?"

"తేలింది సార్."

పశువుల డాక్టరు వచ్చి మందు రాశారు. ఆ తర్వాత అది ఉన్నన్నాళ్ళూ నేను దాని దగ్గరికి పోలేదు. వలతాడుకు ట్యూబు తొడిగి నాయక్ వేరే బెల్టు చేసి ఉంచాడు, పుండు మానాక వేయడానికి. పదో రోజు అతని అన్న మోటారు సైకిల్ మీద వచ్చి కుక్కను గిలకలదిండి తీసుకుపోయాడు. పదకొండో రోజు ఉదయం ఎనిమిదింటికి మా లారీలు కట్ట దిగాయి. నాలుగు నెలలకు నేను రిటైరై గుడివాడ వచ్చి, బస్టాండు వెనక అద్దె పోర్షన్‌లో దిగాను. ఇరుగుపొరుగు దివిసీమ గురించి అడిగితే ఎంతమందిని ఒడ్డుకు చేర్చామో చెప్పేవాణ్ణి. అది నిజమే.

మరుసటి ఏడు పని మీద బందరు వెళ్ళాను. నాయక్ సెలవులో ఉన్నాడని తెలిసి గిలకలదిండి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికని అనుకుంటూ వెళ్ళాను, నిజానికి కుక్కను చూడటానికి. రేవులో అతను వల బాగుచేసుకుంటున్నాడు. లేచి కుర్చీ తెప్పించాడు, టీ తెప్పించాడు.

"మీ కొలత ఇంకా వేసుకునే తిరుగుతున్నాడండి" అన్నాడు. అతను ఎత్తిపొడవలేదు. ఉన్నది చెప్పాడు.

కుక్క వచ్చింది. నా చెయ్యి వాసన చూసింది. తోక కొంచెం ఆడించింది, ఎవరికైనా ఆడించేటంత. తర్వాత వెళ్ళి అతని మోకాలికి ఆనుకుని పడుకుంది. అప్పుడు కూడా నాకు కలిగింది అసూయే. అబద్ధమెందుకు.

పుండు మానిన చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. నల్లటి ఒంటి మీద, ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ, నవారు వెడల్పున ఒక తెల్లటి పట్టీ. ఎక్కడా వంకర లేదు. నాయక్ వల కుడుతున్నాడు. కుక్క నిద్రపోయింది. దాని ఊపిరితో పాటు ఆ తెల్లటి పట్టీ పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది.