మోచెయ్యి మడిచి చూసే సీనియర్

చంద్రపూర్‌లో మా డిజైన్ ఆఫీసుకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, దాన్ని నడపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆఫీసులో ఉన్న ఒక్క కూలరు కూడా నా గదిలోనే పెట్టారు. అయినా మేనేజరు చెమటలు కక్కుతూ మా సీనియర్ బల్ల దగ్గరికే వెళ్లేవాడు. ఏ ఆవిరి పైపుకు కంప్యూటరులో పూర్తి లెక్క కట్టాలో, దేన్ని ఊరికే చూసి వదిలేయొచ్చో తేల్చేది ఆయనే.

వేడికి పైపు సాగుతుంది. సాగినప్పుడు ఒదిగే వీలుందా అని ఆయన డ్రాయింగు ముందు నిలబడి, అందులోని మలుపుల్లాగే తన మోచెయ్యి మడిచి, భుజం కదిపి చూసేవాడు.

"నడుమ ఎక్కడ బిగియ్యలే, మలుపులు మస్తున్నయ్. వంగుతది తమ్మీ, వదిలెయ్."

మేనేజరు మారుమాట లేకుండా సంతకం పెట్టేవాడు. నా ప్రింట్లనైతే అనుమానంగా తిరగేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఆయన వదిలెయ్యమన్న పైపుకే పట్టుబట్టి లెక్క కట్టాను. ఆయన మాట తప్పాలని మనసారా కోరుకున్నాను. పైపు బాగానే ఉందని తేలింది. ప్రింటు ఆయన బల్ల మీద పడేశాను. ఆయన చదివి గట్టిగా ఊపిరి వదిలాడు.

"మంచిపని చేసినవ్ తమ్మీ. వదిలెయ్ అన్నప్పటి సంది నాకు గుబులుగనే ఉండె" అన్నాడు, మేనేజరు ముందే.

ఇప్పుడు ఆ బల్ల నాది. నేనూ మోచెయ్యి మడిచి చూస్తాను, నేనూ వదిలెయ్యమంటాను. గుబులుగా ఉందని మాత్రం ఇంతవరకు ఎవరితోనూ అనలేకపోయాను.