చర్చి స్పీకర్లలో కంప్యూటర్ గొంతు

2025లో, మిర్చి కోతలు చివరికొస్తున్న రోజుల్లో ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. గుంటూరులో నాది చిన్న వర్క్‌షాపు. రికార్డింగ్ స్టూడియోలకి, చర్చిలకి, భజన బృందాలకి సంగీతం కోసం వాడే కంప్యూటర్లు సిద్ధం చేసి ఇస్తాను. ఏ మెషీన్‌కైనా ముందు పరీక్షల జాబితా రాసుకోవడం నా అలవాటు. ఈ ల్యాప్‌టాప్‌కి పదిహేడు పరీక్షలు రాశాను. పదిహేడూ పాసయ్యాయి. అయినా మొదటి రోజే పని చెడింది.

ల్యాప్‌టాప్ దేవదానం గారిది. పర్చూరు దగ్గర ఒక పల్లెలో చర్చికి కీబోర్డు వాయిస్తారు. నలభై దాటాయి, పుట్టుకతోనే చూపు లేదు. ఆయన కీబోర్డు నొక్కితే తబలా, ఫ్లూట్, వయొలిన్ శబ్దాలు ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి. తెర మీద ఏముందో స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం పైకి చదివి చెబుతుంది. చిక్కల్లా ఒకటే. ఆయన పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో సంగీతం సాఫ్ట్‌వేర్ తెరవగానే అది ల్యాప్‌టాప్‌కి బయట తగిలించిన సౌండ్ కార్డు మొత్తాన్నీ తన గుప్పిట్లో పెట్టుకునేది. ఆ క్షణం నుంచి స్క్రీన్ రీడర్ మూగది. ల్యాప్‌టాప్ సొంత స్పీకరు, హెడ్‌ఫోన్ రంధ్రం ఎప్పుడో పాడయ్యాయి కాబట్టి వేరే దారి కూడా లేదు.

ఇన్నేళ్లూ ఆయన భార్య కరుణ గారు పక్కన కూర్చుని తెర చదివేవారు. ఇప్పుడు ఆవిడకి చిలకలూరిపేటలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు డ్యూటీ.

"ఆవిణ్ణి ఉద్యోగం మానమనను. నేను కీబోర్డు మానను. మధ్యలో మీరే ఏదన్నా చెయ్యాలి," అన్నారు దేవదానం గారు.

"ఎప్పటికి కావాలండి?"

"ఈస్టర్‌కి. పాస్టరు గారు అందాకా ఆగుతానన్నారు. తర్వాత చూపున్న కుర్రాణ్ణి పెట్టుకుంటారంట. ఆయన తప్పు లేదులెండి, పాట మధ్యలో ఆగితే జనం నవ్వుతున్నారు."

పాతది తీసేసి లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వేద్దామన్నాను. అందులో శబ్దాల వ్యవహారం చూసే భాగాన్ని ఈ మధ్య కొత్తగా రాశారు. సంగీతం సాఫ్ట్‌వేర్, స్క్రీన్ రీడర్ ఒకే సౌండ్ కార్డుని ఒకేసారి వాడుకోవచ్చు. లేటెన్సీ, అంటే మీట నొక్కడానికీ శబ్దం వినపడడానికీ మధ్య ఆలస్యం, పది మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. వాయించే మనిషికి అది తెలియదు. ఇబ్బందులూ లేకపోలేదు. ఆయన వాడే తబలా సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నడవలేదు. దాని తాళాలన్నీ పాత సిస్టమ్‌లో ఒక్కొక్కటిగా రికార్డ్ చేసి ఆడియో ఫైళ్లుగా తెచ్చాను. బటన్ల పేర్లు స్క్రీన్ రీడర్ చదవగలిగే సాఫ్ట్‌వేర్ దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి హెడ్‌ఫోన్‌లో పాటా, కంప్యూటర్ మాటా కలిసి వినిపించాయి. జాబితాలో ఆఖరి టిక్కు పెట్టాను.

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం చర్చిలో ప్రాక్టీసు. పాతికమంది ఆడవాళ్లు పాట అందుకున్నారు. రెండో చరణంలో దేవదానం గారు వయొలిన్ కాస్త తగ్గించబోయారు. గోడలకున్న నాలుగు స్పీకర్లలోంచి ఇంగ్లీషు గొంతు ఉరిమింది: "వయొలిన్! వాల్యూమ్! సిక్స్టీ టూ!"

పాట ఆగింది. ముందు వరసలో మరియమ్మ గారనే పెద్దావిడ వెనక్కి తిరిగింది. "ఒరేయ్ దేవదానం, ఎవర్రా ఆ దొర? మనం పాడుతుంటే లెక్కలు చెబుతున్నాడు!"

అందరూ నవ్వారు. దేవదానం గారు నవ్వలేదు. చేతులు మీటల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పాస్టరు గారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు: "రేపు కూడా ఇంతేనా బాబూ? అయితే ఇప్పుడే చెప్పు, పర్చూరు కుర్రాడికి ఫోన్ చేస్తా."

"ఒక్క గంట ఇవ్వండి," అన్నాను.

తప్పు నాదే. షాపులో హెడ్‌ఫోన్‌తోనే పరీక్షించాను. కంప్యూటర్ మాట్లాడుతోందా లేదా అని చూశాను గానీ, ఎవరికి వినిపిస్తోందో చూడలేదు. ఆయన సౌండ్ కార్డుకి వెనకవైపు రెండు అవుట్‌పుట్లు చర్చి స్పీకర్లకి శబ్దం పంపే మిక్సర్‌కి వెళ్తాయి, హెడ్‌ఫోన్‌కి విడిగా మరో రెండున్నాయి. స్క్రీన్ రీడర్‌ని హెడ్‌ఫోన్ ఎడమ చెవికి మాత్రమే పంపి, కుడి చెవికి పాట ఇచ్చాను. ఏ శబ్దం ఎటు వెళ్లాలో నిర్ణయించే ఈ పనిని రూటింగ్ అంటారు. నలభై నిమిషాల్లో అయిపోయింది. మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా సెట్టింగ్ నిలబడుతుందో లేదో మూడుసార్లు చూశాను.

మర్నాడు ఆరాధనలో మిక్సర్ పక్కన నిలబడ్డాను. దేవదానం గారు ఏడు పాటలు వాయించారు. పక్కన ఎవరూ లేరు. స్పీకర్లలో సంగీతం తప్ప ఇంకేమీ రాలేదు. నాలుగో పాటకి మాత్రం ఆయన హెడ్‌ఫోన్ కుడివైపు చెవి మీంచి పక్కకి జరిపేశారు. శబ్దం తెగిపోయిందేమోనని భయపడ్డాను. అయిపోగానే వెళ్లి అడిగాను.

"కుడివైపు పాట రావట్లేదాండీ?"

"వస్తోంది, బ్రహ్మాండంగా వస్తోంది. నేనే తీసేశాను."

"ఎందుకండీ? ఆలస్యం ఏమన్నా తెలుస్తోందా?"

"నేను వాయించేది నాకు తెలుసు కదయ్యా, మళ్లీ చెవిలో ఎందుకు? జనం ఎక్కడ లాగుతున్నారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో వినాలి. మరియమ్మత్త ప్రతి చరణం చివర అరక్షణం సాగదీస్తుంది. ఆవిడ కోసం ఆగాలి."

ఆ కుడి చెవి రూటింగ్ అప్పుడే తీసేశాను. మిల్లీసెకన్లు కొలవడం నాకు వచ్చు. కానీ ఆయన వాయించేటప్పుడు ఎవర్ని వింటారో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఏ కొత్త సిస్టమ్ వేసే ముందైనా ఆ మనిషి పాతదాని మీద పనిచేస్తుంటే పక్కన కూర్చుని ఒక పూట చూస్తాను. ల్యాప్‌టాప్ తెరిచేది ఆ తర్వాతే.